టోకెన్ అంటే ఏందని కాక అడిగిన రోజు

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో భూగర్భం ఉంది, చీకటి ఉంది, ఆ చీకట్లో చిక్కుకుపోయిన మనిషి ఉన్నాడు, ఆయన కోసం ప్రాణాలకు తెగించి దిగిన వీరుడూ ఉన్నాడు. ఆ వీరుణ్ణి నేనే.

కాస్త సవరించాలి. ప్రాణాలకు తెగించలేదు. స్ట్రెచర్ మోయడానికి నాలుగో మనిషి దొరక్క నన్ను రమ్మన్నారు. వెనక కుడి మూల నాకిచ్చారు. మిగతా ముగ్గురికంటే నేను పొట్టి కాబట్టి స్ట్రెచర్ మీది మనిషి దారి పొడవునా నా వైపుకు జారుతూ, నన్ను తిడుతూ వచ్చాడు. ఇంతకంటే గొప్ప కావ్యం నా దగ్గర లేదు.

గోదావరిఖనిలో ఇప్పుడు మూతపడ్డ ఒక గని ల్యాంపు రూములో నాలుగేళ్ళు పనిచేశాను. అక్కణ్ణుంచి రిటైరయ్యేనాటికి నాకు ముప్ఫై ఒకటి. నిజానికి రిటైరయింది గని. బొగ్గు అయిపోయింది, తలుపు వేశారు, నన్ను కమాన్‌పూర్ వైపు, భూమి పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుకు పంపారు. అయినా గనితోపాటు ఒక పని కూడా ముగిసిపోయింది కాబట్టి దాని జ్ఞాపకాలు రాసే అర్హత నాకు వచ్చేసిందనుకుంటున్నాను. కొత్తగా చేరుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీలో చాలామందికి ల్యాంపు రూము ఎలా ఉంటుందో కూడా తెలియదు. అందుకని రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, కానీ అందరికీ వాట్సాప్ ఉంది.

నాన్నకు నడుము పోయింది, నాకు ఉద్యోగం వచ్చింది. మన దగ్గర దీన్ని వారసత్వం అంటారు. కొడుకును లోపలికి దించుతారేమోనని అమ్మ మొక్కని దేవుడు లేడు. దేవుళ్ళందరూ సమావేశమై నన్ను ల్యాంపు రూములో వేశారు.

అక్కడ పని ఇంతే. ప్రతి కార్మికుడి దగ్గర నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉంటుంది. కాగితాల్లో దాని పేరు టోకెన్. షిఫ్టుకు వచ్చినవాడు బిళ్ళ మనకిస్తాడు, మనం అదే నంబరున్న ల్యాంపు అతనికిస్తాం. ల్యాంపు టోపీకి, బ్యాటరీ నడుముకు, బిళ్ళ మన బోర్డు మీది మేకుకు. పైకి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. అంటే బోర్డు మీద ఎన్ని బిళ్ళలు వేలాడుతుంటే భూమి కింద అంతమంది ఉన్నట్టు. బోర్డు ఖాళీ అయితే అందరూ ఇళ్ళకు పోయినట్టు. డిగ్రీ చదివిన నాకు ఈ పని నేర్చుకోవడానికి పావుగంట పట్టింది. అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

ల్యాంపు రూము ఇన్‌ఛార్జిని అందరం చాచా అని పిలిచేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, గనిలో తెలుగు, కోపమొస్తే ఏ భాషా లేని మౌనం. ఆయనకొక అలవాటు ఉండేది. బిళ్ళ తీసుకునేటప్పుడు తలెత్తి మనిషి ముఖం చూసి నంబరు పైకి చదివేవాడు.

"నూట పన్నెండు."

"ఉన్న చాచా."

షిఫ్టు దిగి వచ్చినప్పుడు మళ్ళీ అదే ముఖం, అదే నంబరు.

"నూట పన్నెండు."

"వచ్చిన చాచా."

ఇలా మనిషి మనిషికీ రెండుసార్లు, రోజుకు రెండు షిఫ్టులు. నేను చేరిన మొదటి వారం ఇదేదో ప్రార్థన అనుకున్నాను. రెండో వారం టైం వేస్టు అనుకున్నాను. నా కౌంటరు వంతు వచ్చినప్పుడు ఆ చదువుడు తీసేశాను. బిళ్ళ పడేయ్, ల్యాంపు తీసుకో. ల్యాంపు పడేయ్, బిళ్ళ తీసుకో. నా లైను చాచా లైనుకంటే రెండింతలు వేగంగా కదిలేది. బస్సు పట్టుకోవాలనుకునేవాళ్ళంతా నా వైపే వచ్చేవాళ్ళు. నేను దాన్ని ప్రజాదరణ అనుకున్నాను.

మిగిలిన సమయంలో బ్యాంకు పరీక్షకు చదివేవాణ్ణి. రోజుకు పది ఇంగ్లీషు మాటలు బట్టీ. వాటిలో ఒకటి తీసి, కౌంటరు తలుపు మీద సుద్దముక్కతో అర్థంతో సహా రాసేవాణ్ణి. ఇది సమాజసేవ కాదు. రాస్తేనే నాకు గుర్తుంటుంది. కానీ జనం ల్యాంపు కట్టుకుంటూ చదవడం మొదలుపెట్టారు. నాకు డిక్షనరీ అని పేరు పెట్టారు. వాళ్ళందరిలో నా పాఠం సీరియస్‌గా తీసుకున్నది ఒక్కడే. ఎనభై ఎనిమిదో నంబరు పెద్దాయన. అందరం ఆయన్ని కాక అని పిలిచేవాళ్ళం.

కాక పంపు డ్రైవరు. గనిలో ఊరే నీళ్ళను పైకి తోడే పంపు దగ్గర, అందరికీ దూరంగా, ఒక మూలన ఎనిమిది గంటలు ఒక్కడే కూర్చోవాలి. ఆదివారాలు చర్చిలో ముందు వరసలో పాడేవాడు, మిగతా ఆరు రోజులు పంపుకు పాడి వినిపించేవాడు. పొద్దున తలుపు మీది మాటను లోపలికి తీసుకుపోయి, మధ్యాహ్నం దాన్ని వాడి చూపించి గాని ఇంటికి పోయేవాడు కాదు.

"డిక్షనరీ, ఇయ్యాల పంపు జర రిలక్టెంట్‌గ ఉన్నది."

"నీళ్ళెట్లున్నయ్ కాక?"

"అబండెంట్. నీ ల్యాంపు వెలుతురే ఇన్‌సఫిషియెంట్."

నేను బ్యాంకు పరీక్ష రెండుసార్లు తప్పాను. కాక రాసుంటే పాసయ్యేవాడు.

ఆ శనివారం పొద్దున కాక తలుపు చూశాడు. ఆ రోజు నేను ఏమీ రాయలేదు. బిళ్ళ నాకిస్తూ అడిగాడు.

"ఇయ్యాల మాట లేదా?"

"తీరలేదు కాక."

"పోనీ ఇది చెప్పు. దీన్ని టోకెన్ అంటరు గద. ముప్ఫై నాలుగేండ్ల సంది జేబుల పెట్టుకొని తిరుగుతున్న. టోకెన్ అంటే ఏంది?"

"టోకెన్ అంటే టోకెనే కాక."

"గట్ల చెప్తె నీకు మార్కులేస్తరా?"

వెనక లైను పెరుగుతోంది. నిజం చెప్పాలంటే ఆ మాట నా పుస్తకంలో ఉంది. ఐదు అర్థాలతో ఉంది. ఇంత తెలిసిన మాటకు ఐదు అర్థాలెందుకని ఆ పేజీ తిప్పేశాను.

"సాయంత్రం చెప్త, పో."

"బాకీ ఉన్నవ్," అని ల్యాంపు టోపీకి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఎవరో కౌంటరు మీద ల్యాంపు పెట్టారు. షిఫ్టు మధ్యలో పైకి వచ్చేవాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. నేను పుస్తకంలో ఉన్నాను. ల్యాంపు మీద నంబరు చూశాను, ఎనభై ఎనిమిది. బోర్డు మీద ఎనభై ఎనిమిది తీసి కౌంటరు మీద పెట్టాను. ఒక చెయ్యి దాన్ని తీసుకుంది. ఆ చెయ్యి వెనక మనిషి ఉంటాడన్న సంగతి నాకు తెలుసు. చూడలేదు, అంతే.

కాసేపటికి తలెత్తితే, కిటికీలోంచి సైకిల్ స్టాండు దగ్గర నూట నలభై నంబరు తమ్ముడు కనిపించాడు. నెత్తి నిండా తువ్వాలు కప్పుకుని, బైకు కిక్కు కొట్టడానికి కూడా ఓపిక లేనట్టున్నాడు. చెయ్యి ఊపాను. ఊపాడు. వెళ్ళిపోయాడు. జ్వరమేమో అనుకున్నాను. ఎనభై ఎనిమిది ల్యాంపుకీ నూట నలభై జ్వరానికీ సంబంధం ఉండొచ్చన్న ఆలోచన నాకు రాలేదు. రీజనింగ్ పేపర్లో నాకు ఎప్పుడూ తక్కువే వచ్చేవి.

మూడింటికి షిఫ్టు దిగింది. నా లైను పరుగెత్తింది, చాచా లైను ప్రార్థనలా సాగింది. మూడున్నరకు మొదటి షిఫ్టు బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది. నూట నలభై.

నాకు నవ్వొచ్చింది.

"చాచా, నూట నలభై ల్యాంపు కట్టుకొనే ఇంటికి పోయిండు. జ్వరంల మర్చిపోయినట్టున్నడు. పొయినేడు ఒకాయన గట్లనే పోయి పెండ్లికి కూడ పోయిండు గద."

"ఎవడు చూసిండు?"

"నేనే. స్టాండు కాడ చెయ్యి ఊపిన."

"ల్యాంపు చూసినవా?"

"తువ్వాల కప్పుకున్నడు."

చాచా బోర్డు వైపు చూశాడు. "బిళ్ళ ఉన్నదంటే మనిషి ఉన్నడు."

"మనిషి బయటున్నడు చాచా, కండ్లార చూసిన. సోమవారం ల్యాంపు తెస్తడు. రిజిస్టర్ల రాసి పెట్టేస్త."

పెన్ను తీశాను కూడా. 'ల్యాంపు ఇంటికి తీసుకుపోయాడు' అని ఒక్క వాక్యం. మొదటి మాట రాశాను. చాచా రిజిస్టరు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఫోన్ చెయ్."

చేశాను. స్విచాఫ్. పక్కింటివాళ్ళ నంబరు వెతికి, వాళ్ళతో పిలిపించి, తమ్ముడి భార్యను ఫోన్ దగ్గరికి రప్పించేసరికి పది నిమిషాలు పట్టింది. స్పీకరు వేశాను. చాచాకు నా విజయం వినిపించాలని.

"జరం గోలి ఏస్కొని పండుకున్నడన్న. లేపాల్నా?"

"వద్దక్క, వద్దు. ఇంట్లనే ఉన్నడు గద, చాలు." చాచా వైపు చూశాను. "చూసినవా."

చాచా ఫోన్ దగ్గరికి వంగాడు. "అమ్మా, నడుముకు కట్టుకునే ల్యాంపు ఏమన్న తెచ్చిండా ఇంటికి?"

"లేదు. ల్యాంపు ఏం లేదు. బట్టలు ఇప్పుడే నానబోస్తున్న, జేబుల బిళ్ళ ఉన్నది గంతే."

బోర్డు మీద నూట నలభై నా ఎదురుగా వేలాడుతోంది. అది ఆమె చేతిలో ఎలా ఉంటుంది?

"ఏ నంబరు చూడమ్మా," అన్నాడు చాచా.

నీళ్ళ చప్పుడు. ఆమె బిళ్ళను చీరకొంగుకు తుడిచినట్టుంది.

"ఎనభై ఎనిమిది."

మధ్యాహ్నం కౌంటరు మీది ఆ చెయ్యి గుర్తొచ్చింది. కాక చేతికి చూపుడువేలు కొస లేదు, ఎప్పుడో పంపు బెల్టు తీసుకుంది. బిళ్ళ తీసుకున్న చేతికి ఐదు వేళ్ళూ ఉన్నాయి.

జరిగింది ఇదీ. కాక ల్యాంపు మధ్యాహ్నానికే మసకబారింది. జ్వరంతో పైకి వస్తున్న తమ్ముడు తన మంచి ల్యాంపు కాకకిచ్చి, మసక ల్యాంపు తను పెట్టుకుని పైకి వచ్చి నాకిచ్చాడు. సోమవారం బిళ్ళలు మార్చుకుందామనుకున్నారు. చేయకూడని పనే, కానీ చీకట్లో ఉండేవాడికి వెలుతురు ఇచ్చిపోవడం లోపల ఎవరికీ తప్పుగా తోచదు. చాచా కౌంటరులో ఉండుంటే తలెత్తి "ఎనభై ఎనిమిది" అనేవాడు, తమ్ముడు "నేను కాదు చాచా, కాకది" అనేవాడు, సంగతి అక్కడే తేలిపోయేది. కౌంటరులో ఉన్నది నేను.

కాబట్టి నూట నలభై బిళ్ళ అబద్ధం చెప్పలేదు. లోపల ఒక మనిషి ఉన్నాడనే చెప్పింది. ఎవరో చెప్పలేదు, అది దాని పని కాదు.

చాచా పంపు దగ్గరి ఫోనుకు రింగ్ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. నేను సైకిల్ స్టాండుకు పరుగెత్తి చూశాను. కాక పాత స్కూటరు గోడకు ఆనుకుని ఉంది. కాక భార్య మంచిర్యాలలో బిడ్డ దగ్గరికి పోయి నాలుగు రోజులైంది. అంటే ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. రెండో షిఫ్టు పంపు మనిషి ఆ రోజు సెలవు. నీళ్ళు తక్కువగా ఉన్న కాలం కాబట్టి పంపు ఆపి రమ్మన్నారు, మళ్ళీ ఆదివారం మధ్యాహ్నం వేయవచ్చని. అంటే మరునాటి మధ్యాహ్నం దాకా ఆ మూలకు పోయేవాడూ లేడు. ల్యాంపు అంతసేపు వెలగదు. పంపు ఆగితే ఆ దారిలోకి నీళ్ళు వస్తాయి, నెమ్మదిగా, కానీ వస్తాయి.

వీటన్నిటి మధ్యా రిజిస్టరులో నా వాక్యంలోని మొదటి మాట.

చాచా కబురుతో వచ్చిన అండర్ మేనేజర్ సారు ఇద్దరు మనుషుల్ని కూడేసుకున్నాడు. రెండో షిఫ్టు అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. స్ట్రెచర్‌కు నాలుగో చెయ్యి కావాలి. ఆయన చూపు గదంతా తిరిగి నా మీద ఆగింది. చాచా ఫోను వదలడానికి లేదు, ఇక అక్కడ మిగిలింది నేనూ, ఒక కూజా.

"ట్రైనింగ్ అయిందా నీది?"

"అయింది సార్."

"నడువు."

నేను గుమ్మం దాటబోతుంటే చాచా ఆపాడు. "బిళ్ళ."

"చాచా, జల్దీ పోవాలె."

"బిళ్ళ ఇయ్యి, ల్యాంపు తీస్కో."

నా బిళ్ళ మూడు వందల ఏడు. దాన్ని బైకు తాళాలకు కట్టి రెండేళ్ళయింది. ఆ ఇనుప రింగు లోంచి బిళ్ళ తీయడానికి నాకు పట్టినంత సేపు ఈ కథలో ఇంకెక్కడా పట్టలేదు. సారు బయట బూట్లతో నేలను కొడుతున్నాడు. గోరు విరిగింది. బిళ్ళ వచ్చింది. చాచా దాన్ని తీసుకుని, తొందరేమీ లేనట్టు తలెత్తి నా ముఖం చూశాడు.

"మూడు వందల ఏడు."

ఆ రెండేళ్ళలో నాకెవరూ నంబరు చదవలేదు.

"ఉన్న చాచా."

నూట నలభై పక్క మేకుకు తగిలించాడు.

మా గనికి లిఫ్టు లేదు. ఏటవాలు సొరంగంలో నడుచుకుంటూ దిగడమే. దిగాం. నాకు భయమేసిందా అంటే, వేసింది. అయితే కాక గురించి ఎంత వేసిందో, పై రాయికి నా తల ఎప్పుడు తగులుతుందోనని కూడా అంతే వేసింది. మూడుసార్లు తగిలింది. టోపీ ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

పంపు దారి మలుపు తిరిగేసరికి దూరంగా ఫోన్ మోగుతోంది. పైన చాచా ఇంకా చేస్తూనే ఉన్నాడన్నమాట. వెలుతురు మాత్రం ఎక్కడా లేదు. సారు "కాకా" అని కేకేశాడు. చీకట్లోంచి గొంతు వచ్చింది.

"గట్టిగ ఒర్రకు సారు, పైకప్పు పాతది."

ల్యాంపులు అటు తిప్పాం. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కగోడ నుంచి జారిన బొగ్గు పెళ్ళ ఒకటి ఎడమ పాదం మీద పడి పక్కకు దొర్లింది. చీలమండ వాచి బూటులోంచి పొంగుతోంది. ఒళ్ళో టిఫిను డబ్బా ఉంది, ఖాళీగా.

"ల్యాంపు ఎందుకు బందు చేసినవ్ కాక?" అన్నాను.

"ఈడ చూసేదేమున్నది? చార్జింగ్ ఉంటదని." నన్ను గుర్తుపట్టాడు. "నువ్వెందుకు వచ్చినవ్ర డిక్షనరీ? మనుషులు కరువైన్రా పైన?"

"అవును కాక."

"ఫోన్ పదిహేడుసార్లు మోగింది. లెక్కవెట్టిన. నడిస్తె నలభై అడుగులు, నడవరాదు. కని మోగుతుంటె పానం నిమ్మలమైంది. ఎవడో అడుగుతున్నడనుకున్న." స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే పళ్ళు బిగించి, వదిలి, అన్నాడు. "టోకెన్ అంటే ఏంది? సాయంత్రం చెప్తనన్నవ్. సాయంత్రమైంది."

"ముందు పైకి పోదాం కాక," అని నా మూల ఎత్తాను. నాకు నిజంగానే తెలియదు.

దారి పొడవునా నా మూల కిందికి ఉంది. "ఎత్తుర, ఎత్తు, మీ నాయిన ఇంతకంటె పొడుగుండె," అని నన్ను, మా నాన్నను, మా వంశాన్ని కొలుస్తూ వచ్చాడు. నొప్పి దాచుకోవడానికని నాకు పైకి వచ్చాక అర్థమైంది. లోపల ఉన్నప్పుడు మాత్రం కొంచెం కోపమే వచ్చింది.

పైన అంబులెన్సు తలుపు తెరిచి ఉంది. అయినా స్ట్రెచర్ ముందు ల్యాంపు రూము కిటికీ దగ్గర ఆగింది. ఎవరూ ఆపమనలేదు, కాళ్ళే ఆగాయి. చాచా కిటికీలోంచి వంగి కాక నడుము నుంచి ల్యాంపు విప్పాడు, బోర్డు మీది నూట నలభై తీశాడు.

"నూట నలభై," అన్నాడు.

"నేను కాదు భాయ్," అన్నాడు కాక.

"తెలుసు. ఎనభై ఎనిమిది."

"వచ్చిన."

తరవాత నా ల్యాంపు. "మూడు వందల ఏడు."

వచ్చిన చాచా అనాలి. మాట వచ్చేలోపు గొంతుకు బొగ్గుపొడి అడ్డుపడి దగ్గాను. దగ్గునే జవాబుగా రాసుకున్నాడు.

బోర్డు ఖాళీ అయింది. ఖాళీ బోర్డు అంత అందంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. చెక్క, మేకులు, అంతే. దాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డాను. మూడున్నరకు నా దృష్టిలో ఇదే బోర్డు దాదాపు ఖాళీ. ఒక్క బిళ్ళే కదా, నామమాత్రం కదా అనుకున్నాను.

ఆ రాత్రి పుస్తకంలో ఆ పేజీ తీశాను. చాలక ఫోన్లో వెతికాను. సోమవారం సాయంత్రం ఏరియా దవాఖానకు పోయాం, నేనూ చాచా. లోపలికి వెళ్ళడానికి కూడా టోకెన్ ఇచ్చారు, అరవై ఒకటి. ప్లాస్టిక్‌ది. చాచా దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇత్తడి కాదు," అని పెదవి విరిచాడు.

కాక కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. ఎముక విరిగింది, మిగతాదంతా విరగలేదు. కూర్చోగానే బాకీ తీర్చాను.

"టోకెన్ అంటే మొదట్ల గుర్తు కాక. ఆనవాలు. శానా పాత మాట. ఇంగ్లీషు ఇంకా చిన్నపిల్ల ఉన్నప్పటి సంది ఉన్నది. మన కంటికి కనవడనిది ఒకటి ఉన్నదని చూపెట్టేది."

"బిళ్ళ లెక్క."

"బిళ్ళ లెక్కనే. ఇంకోటి విను. టీచ్ అంటరు గద, నేర్పుడు. ఆ మాట, ఈ మాట ఒక్క తల్లి పిల్లలు. రెండిటికి మూలం చూపెట్టుడే."

కాక ఆలోచించాడు. "నిజమే గద. పంపు నాకెవడు నేర్పిండు? చూపెట్టిండు గంతే. మరి టోకెన్ సమ్మె అంటరు?"

"గది తర్వాత వచ్చిన అర్థం. ఒక్కరోజు బందు పెడితె, అది పూర్తి సమ్మె కాదు, సమ్మెకు గుర్తు. మా కోపం ఇంతున్నదని చూపెట్టుడు. పెండ్లిల గిన్నెల మీద టోకెన్ ఆఫ్ లవ్ అని కొట్టిస్తరు గద, గది కూడ గంతే. గిన్నె ప్రేమ కాదు, ప్రేమకు ఆనవాలు. పోను పోను మాట పలసబడ్డది. ఇప్పుడు టోకెన్‌గ అంటే, ఉత్త పేరుకు అని."

"నామ్ కే వాస్తే," అన్నాడు చాచా.

"ఆ, నామ్ కే వాస్తే."

పక్క మంచం మీదాయన రేడియో సరిచేసుకుంటున్నాడు. నాకు చెప్పాలనిపించింది, చెప్పాను. "నేను కూడ గట్లనే అనుకున్న కాక. పేరుకే అని. రిజిస్టర్ల ఒక మాట రాసిన కూడ. చాచా చెయ్యి అడ్డం పెట్టకుంటె…"

"పెట్టిండు గద," అన్నాడు కాక.

"మధ్యాహ్నం తల కూడ ఎత్తలే నేను. ఎవరి చెయ్యో చూడలే."

"ఇప్పుడు ఎత్తుతున్నవా?"

"ఎత్తుతున్న."

"అయితె బత్తాయి తిను. ఎవరో తెచ్చిన్రు, అబండెంట్‌గ ఉన్నయ్." బత్తాయి నా చేతిలో పెట్టి, అసలు సందేహం బయటపెట్టాడు. "ఇన్ని అర్థాలు చెప్తివి. పరీక్షల ఏది రాయాలె?"

విచారణ జరిగింది. ల్యాంపు మార్చుకున్నందుకు తమ్ముడికి, ముఖం చూడనందుకు నాకు, చెరొక హెచ్చరిక కాగితం వచ్చింది. కాగితం మీద నా పేరు, ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా ఉంది. ఆఫీసులో నా పేరు తప్పు లేకుండా రాసింది అదే మొదటిసారి. దాచుకున్నాను. తమ్ముడూ దాచుకున్నాడు. ఆ రెండు కాగితాలు రావాల్సినవే. కాక ప్రాణానికి బదులుగా రెండు కాగితాలంటే చవకే.

సోమవారం నుంచి నా లైను కూడా నెమ్మదించింది. "ముప్ఫై ఆరు." "ఉన్ననే, ఉన్న. ఏమైంది డిక్షనరీ నీకు, ఇగ నువ్వు గూడ మొదలువెట్టినవా, బస్సు పోతది." పోయింది. మరో బస్సు వచ్చింది. నెల తిరిగేసరికి తిట్టడం మానేశారు. నేను చదివేలోపే "వచ్చిన" అనేవాళ్ళు. కొందరు తమ ఇంట్లో సంగతులు కూడా కలిపేవాళ్ళు: "వచ్చిన, బిడ్డకు ఇంటర్ల ఫస్టొచ్చింది." ఆ కిటికీలో నేను ఎంతమంది ముఖాలు చూశానో, ఎంతమంది నన్ను చూసి నవ్వారో ఇప్పుడు తలచుకుంటే, బ్యాంకు పరీక్ష తప్పినందుకు ఆ ప్రశ్నాపత్రం తయారుచేసినవాళ్ళకు కూడా కృతజ్ఞత చెప్పాలనిపిస్తుంది. మూడోసారీ తప్పాను.

ఎవరెవరికి రుణపడి ఉన్నానో అప్పుడప్పుడూ లెక్క వేసుకుంటాను. రిజిస్టరు మీద పడిన చాచా అరచెయ్యి. జ్వరంలో ఉన్న మొగుడి జేబులు తడిపే ముందు చూసిన ఆ అక్క. తన మంచి ల్యాంపు ఇచ్చిపోయిన తమ్ముడు, తప్పయినా సరే. ఆ ల్యాంపే లేకపోతే కాక మసక వెలుతురులో ఇంకా ముందే ఎక్కడో పడేవాడు. పదిహేడుసార్లు మోగిన ఫోను. ఇక కాక. ఆయన ఒక్కసారి కూడా 'నీవల్లే' అనలేదు. పొట్టివాడినన్నాడు, అది నిజమే.

కాక కొంచెం కుంటుతూ మళ్ళీ డ్యూటీకి వచ్చాడు, ఏడాది చేసి రిటైరయ్యాడు. ఆ తరవాత చాచా. ఆయన సన్మానానికి షీల్డు మీద రాయించాల్సిన ఇంగ్లీషు నాకప్పగించారు. దుకాణంలో ముందే కొట్టి పెట్టిన వాక్యం ఉంది, అందులో టోకెన్ అనే మాట ఉంది, అందరికీ అదే ఇస్తారు. నేను మారుస్తానని అందరూ అనుకున్నారు. మార్చలేదు. ఆ మాటకు మొదటి అర్థం ఏమిటో నాకు, చాచాకు, కాకకు తెలుసు. చాలు. షీల్డు చేతికిస్తుంటే చాచా తలెత్తి నా ముఖం చూసి, పెదవులతో మాత్రం "మూడు వందల ఏడు" అన్నాడు. "వచ్చిన చాచా," అన్నాను. ఈసారి దగ్గు రాలేదు.

గని మూసేశాక బిళ్ళలన్నీ సంచిలో పోసి స్టోరుకు పంపారు. నాది కూడా ఇచ్చేశాను. గోరు విరగ్గొట్టుకుని తీసిన బిళ్ళను దాచుకోవాలని ఉండింది, కానీ ఒకటి తక్కువైతే ఎవడో లోపలే ఉండిపోయాడని ఎవరైనా వెతకాల్సి వస్తుంది.

మీరు చేరబోయే ఓపెన్‌కాస్టులో బిళ్ళ ఉండదు. గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే యంత్రం ఉంది. అది ప్రతి ఒక్కరి ముఖమూ చూస్తుంది, ఎవరినీ వదలదు, ఆ సంగతిలో నాకంటే నయం. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. దాని ముందు హెల్మెట్ తీసి నిలబడాలి. తీయకపోతే గుర్తుపట్టదు, మళ్ళీ ప్రయత్నించడానికి మూడు నిమిషాలు ఆగాలి.